సైలెన్సరుకు పట్టిన తుప్పు: తొలగించే పద్ధతి, తీసుకొనవలసిన జాగ్రత్త

(సముద్రతీర శాఖల సభ్యులకు జరిపిన ఆదివారపు శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగపాఠం)



గత తరగతిలో మనము సర్వీసు నిబంధనలను గురించి చర్చించుకొన్నాము. అంతకు ముందు తరగతిలో పెన్షను సమస్య వచ్చినది. ఈనాడు నేను మోటారు సైకిలు సైలెన్సరుకు పట్టిన తుప్పును గురించి మాట్లాడుతానని కార్యదర్శి ప్రకటించగానే వెనుక వరుసలో కొందరు నవ్వినారు. అందుకు నాకు ఆక్షేపణ లేదు. అయితే ఆ నవ్విన సోదరులు ఈ ఉదయం ఇక్కడకు ఏ వాహనంపై వచ్చినారో, దానిని ఎక్కడ నిలిపినారో ఒకసారి జ్ఞాపకం చేసుకొనవలెనని మనవి.

రాత్రి రెండు గంటలకు బండి దిగే గార్డుకు బస్సు లేదు. తెల్లవారుజామున సార్టింగుకు చేరవలసిన ఆర్.ఎం.ఎస్. సోదరునికి ఆటో దొరకదు. పల్లెల్లో తిరిగే గ్రామీణ డాక్ సేవకులలో ఎందరో తమ సొంత వాహనంపైననే టపా మోస్తున్నారు. మన సభ్యునికి మోటారు సైకిలు విలాస వస్తువు కాదు, అది అతని ఉద్యోగ పరికరం. జీతంలో వాయిదాలు కట్టి కొన్న ఆ పరికరం సముద్రపు గాలిలో, పైకప్పు లేని స్టాండులో, రోజంతా వానకు ఎండకు నిలబడి ఉంటుంది. అన్నింటికన్న ముందు పాడయ్యేది దాని పొగగొట్టము. దానిని బాగుచేసుకొనబోయి చేతులు కాల్చుకొన్నవారు, కన్ను పోగొట్టుకొనబోయినవారు మనలో ఉన్నారు. అట్టివారిలో నేనొకడిని. ఆ సంగతి తరువాత చెప్పుతాను. ముందు తుప్పు అనగా ఏమిటో చూతము.

తుప్పు ఎక్కడ నుండి వచ్చుచున్నది?

ఇనుము, నీరు, ప్రాణవాయువు: ఈ మూడు కలిసినచోట తుప్పు పుట్టును. వీటిలో ఏ ఒక్కదానిని దూరం చేసినా తుప్పు ఆగును. నీటిలో ఉప్పు కలిసి ఉన్నచో ఈ క్రియ మరింత వేగంగా సాగును. అందుచేతనే విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాలలోని వాహనానికి, కర్నూలులోని వాహనానికి ఆయుర్దాయంలో తేడా ఉన్నది.

రైల్వే సోదరులకు ఇది క్రొత్త పాఠం కాదు. 1914లో ప్రారంభమైన పాంబన్ వంతెన సముద్రం నడుమ నిలిచినది. దాని ఉక్కు దూలములపై తుప్పు గోకి, రంగు వేసి, మరల గోకి మరల రంగు వేసిన బ్రిడ్జి ఖలాసీల శ్రమ తరతరాల శ్రమ. 2022 డిసెంబరులో ఆ వంతెనపై రైళ్ళు ఆగిపోయినవి. 2025 ఏప్రిల్ 6న దాని ప్రక్కన క్రొత్త వంతెన ప్రారంభమైనది. నూరేళ్ళు దాటి ఉక్కు నిలిచినదంటే అది ఉక్కు గొప్పతనం మాత్రమే కాదు, దానిని కనిపెట్టుకొని ఉన్న చేతుల గొప్పతనం కూడ. అట్లే రైలు పెట్టెల మరుగుదొడ్ల నుండి పట్టాలపై పడిన మాలిన్యం పట్టాను, దాని బిగింపులను ఎట్లు తినివేసినదో పాత ట్రాక్‌మెన్‌ను అడిగితే చెప్పుతారు. బయో టాయిలెట్లు వచ్చిన తరువాతనే ఆ బాధ తగ్గినది.

పైపు వెలుపల తుప్పు పట్టుటకు వాన, ఉప్పుగాలి, బురద కారణములు. మరి లోపల? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. లోపలి నీరు మనము పోసే పెట్రోలు నుండియే పుట్టుచున్నది. పెట్రోలులోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీటి ఆవిరి అగును. లెక్కవేసి చూచినచో ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో సైలెన్సరు గుండా పోవుచున్నది. దూరప్రయాణంలో పైపు బాగుగా వేడెక్కి ఆ ఆవిరి అంతయు బయటకు పోవును. క్వార్టర్సు నుండి స్టేషనుకు ఒకటిన్నర కిలోమీటరు నడిపి ఆపివేసే బండిలో పైపు వేడెక్కకముందే ఆవిరి చల్లబడి, నీరై, మసితో కలిసి సైలెన్సరు అడుగున నిలిచిపోవును. సైలెన్సరు క్రిందిభాగంలో చిన్న రంధ్రం కొన్ని బండ్లకు ఉన్నది. అది ఈ నీరు కారిపోవుటకే. చిల్లుపడినదనుకొని దానిని మూసివేసినవారిని నేను ఎరుగుదును. ఆ రంధ్రమును మూయకూడదు. మట్టి చేరినచో సన్నని తీగతో శుభ్రం చేయవలెను.

మెరుపు వెనుక ఏమున్నది?

పాత బుల్లెట్టు, రాజ్‌దూత్, యెజ్డీ బండ్ల సైలెన్సర్లు అద్దంవలె మెరిసేవి. ఆ మెరుపును మనము వాడుకలో ‘నికెల్’ అంటాము, ‘క్రోమ్’ అంటాము. రెండును సగం సత్యములే. ఉక్కు పైపుపై మొదట నికెల్ పూత వేయుదురు. అది ఒక మిల్లీమీటరులో నూరవ వంతు నుండి రెండు మూడు నూరవ వంతుల మందం ఉండును. దానిపై క్రోమియం పూత వేయుదురు; అది నికెల్ పూతకన్న ఎన్నో రెట్లు పలుచన, మిల్లీమీటరులో వేయవ వంతుకు కూడ తక్కువ. క్రోమియం మెరుపును, గట్టిదనమును ఇచ్చును. నీటిని అడ్డగించేది నిజానికి అడుగున ఉన్న నికెల్.

ఈ పూతలో కంటికి కానరాని సందులు, పగుళ్ళు ఉండును. నీరు, ఉప్పు ఆ సందులగుండా దిగి ఉక్కును చేరును. అప్పుడు సూదిమొనంత గోధుమరంగు చుక్క పైకి వచ్చును. క్రోమియంకు తుప్పు పట్టినదని మనము అనుకొంటాము. పట్టినది క్రోమియంకు కాదు, దాని క్రిందనున్న ఇనుముకు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇచ్చట అక్షరాల వర్తించును. అందుచేత పైచుక్కను తుడిచివేయుట సగం పని. ఆ సందును మూసివేయుట మిగిలిన సగం.

ఇంజను దగ్గరి వంపు పైపు, మెకానిక్కులు ‘బెండ్ పైపు’ అనేది, నీలంగా గాని పసుపుగా గాని మారుట వేరొక విషయం. అది తుప్పు కాదు. అధికమైన వేడికి ఏర్పడిన పలుచని పొర. పెట్రోలు, గాలి పాళ్ళు సరిగా లేకున్నను, స్పార్కు సమయం తప్పినను ఆ రంగు త్వరగా వచ్చును. దానిని ఎంత రుద్దినా, ఇంజను సరిచేయనిదే మరల వచ్చును.

మూడు దశలు

తుప్పును నేను మూడు దశలుగా విభజిస్తాను. పరీక్ష సులభం. మొదటి దశ: చుక్కలు, గోధుమ మరకలు, గోటితో గీకినచో నునుపుగానే తగులును. రెండవ దశ: పొక్కులు, గరుకు, పూత పెచ్చులుగా లేచుట. మూడవ దశ: స్క్రూడ్రైవరు పిడితో తట్టినచో ఖంగుమను ధ్వని రాక బొద్దు ధ్వని వచ్చుట, వేలితో నొక్కినచో లొత్తపడుట, పొగ ప్రక్కదారిన వచ్చుట. మొదటి దశకు ఇంటిలోనే చికిత్స ఉన్నది. రెండవ దశకు శ్రమ కావలెను. మూడవ దశలో పైపును మార్చుటయో, వెల్డింగుతో అతుకు వేయించుటయో తప్ప వేరు మార్గం లేదు. మొక్కై వంగనిది మానై వంగునా?

మొదటి దశ చికిత్స

బండి పూర్తిగా చల్లబడిన తరువాతనే పని ప్రారంభించవలెను. సబ్బునీటితో మట్టి, నూనె జిడ్డు కడిగి ఆరబెట్టవలెను. పైపుకు కరిగి అంటుకొన్న ప్లాస్టిక్కు, తారు ఉన్నచో కొంచెం డీజిలు గుడ్డతో తుడిచి, మరల సబ్బునీటితో డీజిలు వాసన పోవువరకు కడుగవలెను.

పిమ్మట, భోజనం పొట్లాలకు చుట్టే పలుచని అల్యూమినియం కాగితమును ఉండగా నలిపి, నీటిలో ముంచి, తుప్పు చుక్కలపై మెల్లగా రుద్దవలెను. అల్యూమినియం క్రోమియంకన్న మెత్తనిది, కనుక గీతలు పడవు. తుప్పు మాత్రం నల్లని బురదగా లేచి వచ్చును. ఆ బురదను తడిగుడ్డతో తుడుచుచు, కాగితమును మార్చుచు పోవలెను. మొండి చుక్కలకు నీటికి బదులు వెనిగర్ వాడవచ్చును. ఇత్తడి బిందెను చింతపండుతో తోమిన మన తల్లులకు ఈ రహస్యం ఎన్నడో తెలియును. పులుపు లోహపు మాలిన్యమును కరిగించును. నిమ్మ ఉప్పు రెండు చెంచాలు అరలీటరు వేడినీటిలో కలిపిననూ అదే పని చేయును.

వాడకూడనివి కూడ చెప్పవలెను. గిన్నెలు తోమే ముతక స్టీలు పీచు, గరుకు కాగితం, ఇనుప వైర్ బ్రష్ మెరుపు పూతపై పెట్టరాదు. అవి తుప్పుతోపాటు పూతను గీకి, క్రొత్త తుప్పుకు క్రొత్త దారులు తెరచును. పని ముగిసిన తరువాత మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఇంజనును కొద్దిసేపు ఆరుబయట నడిపి తడి ఆర్చి, చల్లారిన పిమ్మట కారు మైనం పలుచగా పూయవలెను. ఆ మైనమే సందులను మూయును. బెండ్ పైపు వేడికి మైనం నిలువదు. సైలెన్సరు వెనుక భాగంలో నెలరోజుల పాటు పనిచేయును.

రెండవ దశ చికిత్స

పొక్కులు లేచిన పైపును బండినుండి విప్పుట మంచిది. బోల్టులు తుప్పుతో పట్టుకొని ఉండును. బలవంతం చేసినచో ఇంజను దగ్గరి స్టడ్ విరిగి, పది రూపాయల పని వేల రూపాయల పనిగా మారును. ముందటి రాత్రియే తుప్పు వదలించే నూనె వేసి నాననిచ్చి, మరునాడు కొంచెం బిగించి కొంచెం వదులుచేయుచు త్రిప్పవలెను. కీమాన్ సోదరులు ఫిష్‌ప్లేటు బోల్టుపై చూపే ఓర్పు ఇచ్చట చూపవలెను. తిరిగి బిగించునప్పుడు పాత గ్యాస్‌కెట్‌ను పారవేసి క్రొత్తది వేయవలెను.

పెచ్చులు లేచినచోట ఇక పూతను కాపాడవలెనను ఆశ వదలుకొనవలెను. వైర్ బ్రష్‌తో వదులు తుప్పును, పెచ్చులను తీసివేయవలెను. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. తరువాత పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లం గల తుప్పు ద్రావకమును, చేతికి రబ్బరు తొడుగు వేసుకొని, బ్రష్‌తో పూసి, డబ్బాపై చెప్పిన సమయం మాత్రమే ఉంచి, నీటితో బాగుగా కడుగవలెను. ఎర్రని తుప్పుతో ఆ ఆమ్లం కలిసి ఇనుప ఫాస్ఫేటు అగును. బూడిదరంగు పొరగా ఇనుమును అంటిపెట్టుకొనును.

ఫాస్ఫేటు పొర ఎంత బలమైనదో తెలియవలెనన్నచో ఢిల్లీ వెళ్ళిన సభ్యులు కుతుబ్ మీనారు ఆవరణలోని ఇనుప స్తంభమును చూడవలెను. గుప్తుల కాలపు ఆ స్తంభం పదహారు వందల సంవత్సరాలుగా వానలో నిలిచి ఉన్నది. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువగా ఉన్నదనీ, దానివలన ఉపరితలంపై ఏర్పడిన ఫాస్ఫేటు పొర తుప్పును అడ్డగించుచున్నదనీ కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించినారు. ఆ ఇనుమును కాచి అతికిన కమ్మరుల పేర్లు ఏ శాసనంలోను లేవు.

ఒక హెచ్చరిక. రెసిన్ కలిపిన ‘రస్ట్ కన్వర్టర్’ అను ద్రావకములు గేటుకు, కిటికీ ఊచలకు మంచివి. వేడి పైపుపై అవి మాడి ఊడిపోవును. అట్లే ఆక్సాలిక్ ఆమ్లం కూడ తుప్పును బాగుగా కరిగించును గాని, అది విషం. వంట పాత్రలో కలుపరాదు; పంచదార డబ్బా ప్రక్కన పెట్టరాదు; పిల్లలకు అందనీయరాదు.

చేయకూడని పని

ఇక నా కథ చెప్పుతాను. సుమారు పాతికేళ్ళ క్రిందట, బ్రాంచి బాధ్యతలు నాకు క్రొత్తగా అప్పగించిన దినములలో, నా వద్ద ఒక పాత బుల్లెట్టు ఉండేది. మరునాడు మహాసభ. ప్రతినిధులను స్టేషను నుండి తీసుకొని రావలెను. సైలెన్సరు తుప్పు పట్టి ఉన్నందుకు నాకు సిగ్గువేసినది. ఒక అంగడిలో పేరు, చీటీ లేని సీసాలో బాత్‌రూం యాసిడ్ తెచ్చినాను. గుడ్డతో పూసినాను. అద్భుతం! తుప్పు నురగలు క్రక్కుచు కరిగిపోయినది. ఉత్సాహం హెచ్చి, సీసా నుండి నేరుగా పోసినాను. చల్లారనిదే పని మొదలుపెట్టినాను గనుక వెచ్చని పైపుపై ఆమ్లం చిటపటలాడి ఒక చుక్క నా కుడికంటిలో పడినది.

నేను కంటిని రెండు చేతులతో మూసుకొని ఆస్పత్రికి పరుగెత్తబోయినాను. ప్రక్క క్వార్టరులో ఒక గ్యాంగ్‌మన్ గారి ఇల్లాలు ఉండేవారు. ఆమెను నేను పిన్నిగారని పిలిచేవాడిని. ఆమె నా చెయ్యి పట్టి లాగి, కుళాయి క్రింద కూర్చుండబెట్టి, ‘కన్ను తెరువు నాయనా, తెరువు’ అని గద్దించి, నా రెప్పలు విడదీసి నీళ్ళు పోసినారు. పావుగంట, ఇరవై నిమిషములు పోసినారు. నేను చాలునని మొత్తుకొన్నా వదలలేదు. తరువాత ఆస్పత్రిలో డాక్టరు చెప్పినారు: ‘మీ కన్ను నిలబెట్టినది నా మందు కాదు, ఆ నీరు’ అని. బడిముఖం ఎరుగని ఆమెకు ఆ తెలివి ఎక్కడిదని తరువాత అడిగినాను. సున్నపు బట్టీలో పనిచేసిన తన అన్న కన్ను పోయినప్పుడు నీళ్ళు పోసేవారు లేకపోయిరని ఆమె చెప్పినారు.

మిత్రులారా, దీనినుండి మనము నేర్చుకొనవలసినది స్పష్టం. కంటిలో ఏ ఆమ్లం పడినా, క్షారం పడినా ముందు నీరు, వెంటనే నీరు, ఇరవై నిమిషముల నీరు, తరువాతనే ఆస్పత్రి.

ఇంతకూ ఆ సైలెన్సరు ఏమైనది? మహాసభ రోజున మెరిసినది. వారం తిరుగకుండ ఒళ్ళంతా ఎర్రబడినది. కారణం ఇది. బాత్‌రూం యాసిడ్ అనగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది తుప్పును మాత్రమే గాక క్రోమియంను కూడ కరిగించును. దానిలోని క్లోరైడు సందులలో దాగి, ఎంత కడిగినా పూర్తిగా పోక, క్రొత్త తుప్పును ప్రేరేపించును. దాని ఆవిరి తగిలిన నా పనిముట్ల పెట్టె కూడ తుప్పు పట్టినది. అన్నిటికన్న ప్రమాదం మరొకటి ఉన్నది: ఈ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో గాని, బ్లీచింగ్ ద్రావకంతో గాని కలిపినచో క్లోరిన్ వాయువు వెలువడును. అది ఊపిరితిత్తులను కాల్చును. తుప్పుకు యాసిడ్, మరకకు బ్లీచింగ్ అని రెండింటిని ఒకే బకెట్టులో పోయుట ఆత్మహత్యతో సమానం.

రంగు వేయుట

ఈనాటి బండ్లలో అధికభాగం సైలెన్సర్లు నల్లరంగువి. వాటి తుప్పును గరుకు కాగితంతో లోహం మెరియునంత వరకు రుద్ది, జిడ్డు లేకుండ థిన్నరుతో తుడిచి, వేడికి నిలిచే సిలికాన్ రంగు వేయవలెను. డబ్బాపై 600 డిగ్రీల సెంటిగ్రేడు వరకు నిలుచునని వ్రాసి ఉన్న రంగునే కొనవలెను. ఇంటి తలుపులకు వేసే ఎనామిల్ రంగు బెండ్ పైపుపై పొగలు చిమ్మి మాడిపోవును. ఒక్క మందపు పూతకన్న మూడు పలుచని పూతలు మేలు. ఒక్కొక్క పూతకు నడుమ ఆరనీయవలెను.

ఈ రంగు గాలికి పూర్తిగా గట్టిపడదు, వేడికి గట్టిపడును. పూర్తిగా ఆరిన తరువాత ఇంజనును పది నిమిషములు నడిపి చల్లార్చి, మరల ఇరవై నిమిషములు నడిపి చల్లార్చి, ఇట్లు క్రమంగా వేడిని పెంచవలెను. ఈ పని ఆరుబయటనే చేయవలెను. వాన వచ్చినదని వరండా తలుపులు మూసి, షెడ్డు షట్టరు దించి ఇంజను నడుపరాదు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఉన్నది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలై మనిషి లేవలేని స్థితికి వచ్చునే గాని ప్రమాదం తెలియదు. తుప్పు పోయినదా లేదా అన్నది తరువాత. మనిషి ఇంటికి చేరవలెను.

లోపలి మసి, చిల్లులు

పాత రెండు స్ట్రోకుల బండ్లలో పెట్రోలుతోపాటు నూనె కాలును గనుక సైలెన్సరు లోపల జిగురు మసి పేరుకొనును. బండి లాగుట తగ్గును. లోపలి గొట్టం విప్పి వచ్చు బండ్లలో దానిని తీసి గీకి శుభ్రం చేయుట సురక్షితం. కాస్టిక్ సోడా పోసి నానబెట్టుట కొందరు మెకానిక్కుల అలవాటు. కాస్టిక్ నీటిలో పడినప్పుడు కుతకుత ఉడుకును. కంటికి ఆమ్లంకన్న ఎక్కువ హాని చేయును. అల్యూమినియం భాగములను కరిగించును. ఇది ఇంటిపని కాదు.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణముల బండ్లలో పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టరు పొగగొట్టం మార్గంలోనే ఉన్నది. అట్టి పైపు లోపల ఆమ్లం గాని, కాస్టిక్ గాని, నీరు గాని పోయరాదు. వాటికి పై తుప్పు చికిత్స మాత్రమే తగినది.

చిల్లు చిన్నదైనచో వేడికి నిలిచే పేస్టు తాత్కాలికంగా పనిచేయును. పెద్దదైనచో వెల్డింగు. తగరపు రేకు చుట్టి తీగ కట్టుట చికిత్స కాదు. జింకు పూత రేకును వెల్డింగు చేయనీయకుడు. దాని పొగ వెల్డరుకు జ్వరం తెప్పించును. చిల్లు పడిన బండి శబ్దము మనకు అలవాటైపోవును గాని రాత్రి డ్యూటీ ముగించి పగలు నిద్రించే మన తోటివానికి అలవాటు కాదు. 1989 కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనమునకు సైలెన్సరు ఉండి తీరవలెను. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణములను ఉల్లంఘించినచో మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను క్రింద, 2019 సవరణ పిమ్మట, 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చును.

మన మెరుపుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

ఇంతవరకు చెప్పినది మెకానిక్కు కూడ చెప్పగలడు. ఇక చెప్పబోయేది యూనియను మనిషిగా చెప్పవలసినది.

పాడైన ఆ సైలెన్సరుకు క్రొత్తగా క్రోమ్ పూత వేయించవలెనని నేను ఒక సందులోని ప్లేటింగు షాపుకు పోయినాను. నాలుగు తొట్లు, తక్కువ ఎత్తు రేకు కప్పు, గాలి పోవు మార్గం లేదు. తొట్టినుండి పసుపురంగు ఆవిరి సన్నగా లేచుచున్నది. అచ్చట పనిచేసే ఒక పెద్దాయన వట్టి చేతులతో పైపులు ముంచి తీయుచున్నాడు. వేళ్ళ కణుపులపై గుంటలు పడిన పుండ్లు. మాటలలో ఆయన తన ముక్కును చూపినాడు. రెండు రంధ్రముల నడుమ గోడకు చిల్లు పడి ఉన్నది. ‘నొప్పి ఏమీ లేదయ్యా, ఎప్పుడు పడినదో కూడ తెలియలేదు’ అన్నాడు.

సాధారణ క్రోమ్ తొట్టిలో ఉండేది క్రోమిక్ ఆమ్లం. దానిలోని క్రోమియంను ఆరు సంయోజకత గల క్రోమియం అంటారు. అది చర్మమును పుండ్లు చేయును, ముక్కుగోడను తొలుచును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1990లోనే దానిని మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థముల మొదటి వర్గంలో చేర్చినది. ఊపిరితిత్తుల క్యాన్సరుకు అది కారణం. పైపుపై ఒకసారి గట్టిపడిన క్రోమియం మనకు హాని చేయదు. హాని అంతయు తొట్టి దగ్గర నిలబడిన మనిషికే.

ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో అధికారులకు తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో క్రోమ్ వ్రణము ఉండినది. 1923 నాటి నష్టపరిహార చట్టం మూడవ షెడ్యూలులో క్రోమియం వలన కలిగే వ్యాధులు ఉండినవి. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చి ఆ చట్టముల స్థానమును ఆక్రమించినవి. చట్టముల పేర్లు మారినంత మాత్రాన ఆ పెద్దాయన ముక్కుగోడ పూడదు. నలుగురు పనిచేసే ఆ షాపుకు తనిఖీ అధికారి ఏనాడూ రాలేదని ఆయనయే చెప్పినాడు. పట్టికలో వ్యాధి పేరు వ్రాసి, దానిని చూచుటకు మనిషిని పంపనిచో ఆ పట్టిక ఎవరికొరకు?

నేను సైలెన్సరును వెనుకకు తెచ్చుకొన్నాను. నల్లరంగు వేసినాను. బుల్లెట్టుకు నల్ల సైలెన్సరేమిటని స్నేహితులు హాస్యమాడినారు. నేను ఒక్కడిని మానినంత మాత్రాన ఆ షాపు మూతపడలేదు. మూతపడినచో ఆ పెద్దాయన జీవనం పోవును. అది నాకు తెలియును. కావలసినది షాపు మూయుట కాదు. తొట్టిపై ఆవిరిని లాగే ఫ్యాను, చేతికి తొడుగు, ఏటేట ముక్కు, ఊపిరితిత్తుల పరీక్ష, హాని తక్కువైన మూడు సంయోజకత క్రోమియం పద్ధతి, ఇ.ఎస్.ఐ. రక్షణ. ఇవి ఉన్నచో ధర కొంత పెరుగును. పూత వేయించవలెనన్న కోరిక గల సభ్యులు ఆ ధర చెల్లించుటకు సిద్ధపడవలెను. తొట్టి ఎట్లున్నదో, తొడుగులు ఉన్నవో లేవో చూచిన తరువాతనే పైపు ఇవ్వవలెను. వ్యవస్థీకృత రంగంలో ఉన్న మనము, యూనియను నీడ లేని ఆ సోదరునితో ఒక మాట మాట్లాడి రావలెను.

మన డిమాండు

చివరగా, నివారణ. వారమునకొకసారి మంచినీటితో పైపు కడిగి తుడువవలెను. తడిసిన బండిపై ప్లాస్టిక్కు గుడ్డ కప్పరాదు; ఆ చెమ్మ లోపలే నిలిచి తుప్పును పెంచును. పైపుకు చుట్టిన వేడి గుడ్డలు కూడ అంతే. వారంలో ఒకసారియైనా బండిని ఇరవై నిమిషములు ఆగకుండ నడిపి లోపలి నీటిని ఆర్చవలెను.

అయితే ఎంత మైనం పూసినా, రోజుకు పన్నెండు గంటలు ఉప్పుగాలిలో వానలో నిలిచే బండికి పూర్తి రక్షణ లేదు. ప్రయాణికుల వాహనములకు డబ్బు తీసుకొని స్థలం చూపుచున్న చోటనే సిబ్బంది వాహనములకు నాలుగు రేకుల నీడ లేదు. రన్నింగ్ రూముల వద్ద, సార్టింగ్ కార్యాలయముల వద్ద, ప్రధాన తపాలా కార్యాలయముల వద్ద సిబ్బందికి పైకప్పు గల స్టాండు కావలెను. ప్రతి శాఖ తన పరిధిలో ఎన్ని వాహనములు ఆరుబయట నిలుచుచున్నవో లెక్కించి, కొలతలతో కూడిన విజ్ఞప్తిని వచ్చే సమావేశములోగా పంపవలెనని కోరుతున్నాను. తుప్పును గురించి రెండు గంటలు విని, ఒక విజ్ఞప్తి వ్రాయకుండ ఇంటికి పోయినచో ఈ తరగతి వృథా.

తరగతి ముగిసిన తరువాత ఆవరణలో నా పాత బుల్లెట్టు ఉన్నది. అల్యూమినియం కాగితం, నీరు, రెండు జతల రబ్బరు తొడుగులు తెచ్చినాను. ఇందాక నవ్విన సోదరులే ముందుగా రావలెను. వారి బండ్లను నేను వచ్చేటప్పుడే చూచినాను.